అవ్వ లెక్కలో ఇరవయ్యారే

పోయిన ఆదివారం చీకటితోనే అన్నూరులో బయల్దేరి, పుళియంపట్టి, సత్యమంగళం దాటి బణ్ణారి చేరాం. పులుల అడవి కాబట్టి రాత్రిపూట ఘాటు మీదికి బండ్లను పోనివ్వరు. చెక్‌పోస్టు తెరిచేదాకా ఆగి, అమ్మవారికి దండం పెట్టుకుని, దింబం కొండ మొదట్లోకి రాగానే నేను ఫోను తీసి వీడియో పెట్టాను. బండి తోలుతున్న మా తమ్ముడు అద్దంలోంచి చూసి అన్నాడు: "మళ్ళా మొదలుపెట్టినావా అక్కా? ఈ దావను యూట్యూబులో వెయ్యిమంది పెట్టినారు. కండ్లతో చూడు."

వాడన్నది నిజమే. దింబం ఘాటును నాకంటే బాగా తీసినవాళ్ళు ఎందరో ఉన్నారు, డ్రోనుతో ఆకాశంలోంచి తీసినవాళ్ళు కూడా. దారి చూడాలనుకుంటే నా వీడియో అక్కర్లేదు. మరి ఇన్నేళ్ళుగా ఎక్కడికి పోయినా ఎందుకు తీస్తున్నావంటే, బండిలో కూర్చుని రెండు మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఈ వారం ఆ జవాబే రాస్తున్నాను.

మా అన్నూరు కోయంబత్తూరుకు సుమారు 30 కిలోమీటర్లు. సత్యమంగళం రోడ్డూ, మేట్టుపాళయం నుంచి అవినాశికి పోయే రోడ్డూ మా ఊళ్ళోనే కలుస్తాయి. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. మాలాంటి పాత కాపురాలవాళ్ళలో చాలామందికి తెలుగు నోట్లో ఉంది గానీ చేతికి రాలేదు. మా తాత సంతకం తమిళంలో, అమ్మ రాసే పాలచీటీ తమిళంలో. నేను పెద్ద బాలశిక్ష కొనుక్కుని అక్షరాలు దిద్దుకున్నది ముప్పై దాటాక. మా ఇంట్లో తెలుగు రాయగలిగినదాన్ని ఇప్పటికీ నేనొక్కదాన్నే.

1994లో మేమంతా వ్యానులో తిరుపతికి పోయాం. తాత, అవ్వ, చిన్నాన్నల కుటుంబాలు, పిల్లలం. చిన్నాన్న ఒక వీడియో కెమెరా అద్దెకు తెచ్చాడు, భుజం మీద మోసే పెద్దది. తాతకు అప్పటికే డెబ్భై దాటాయి. తాను మాట్లాడే భాషకు ఇంత రాత ఉందని ఆయన కళ్ళారా చూసింది ఆ ప్రయాణంలోనే. బస్సుల మీద, అంగళ్ళ మీద ఉన్న బోర్డులన్నిటినీ వేలితో చూపిస్తూ, ఇదేమి రాసుండాదని పక్కన పోయేవాళ్ళను ఆపి అడిగాడట. పూలమ్మే ఆమె ఒకతె ఆయన మాట తీరు విని నవ్వి, "ఏ ఊరు నాయనా మీది? ఈ తెలుగు ఎక్కడిది?" అన్నదని అమ్మ చెబుతుంది. తాత అక్కడే నిలబడి ఆమెతో చాలాసేపు మాట్లాడాడు. చిన్నాన్న కెమెరా ఆపలేదు. ఆ మాటలన్నీ టేపులో ఉండేవి.

2006లో టేపుకు బూజు పడుతోందని, డిస్కులోకి మార్చమని ఒక స్టూడియోకు ఇచ్చాం. వారానికి డిస్కు వచ్చింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు. వ్యాను రొద, జనం గోల ఎందుకని తీసేసి, వినసొంపుగా ఉంటుందని పాటలు వేశామన్నారు. టేపు తిరిగి ఇమ్మంటే, మార్చేశాక దానితో పనేముందని పారేశారట. తాత పోయి అప్పటికి ఏడేళ్ళు. తెర మీద ఆయన పెదవులు కదులుతున్నాయి, చెయ్యెత్తి ఏదో చూపిస్తున్నాడు, పూలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వినబడేది మాత్రం ఏదో సినిమాలో కథానాయకుడి పాట. అవ్వ మధ్యలోనే లేచి వంటింట్లోకి పోయింది. రాత్రి పడుకోబోయే ముందు నా దగ్గరికి వచ్చి, "ఏమంటాండాడు నీ తాత?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. అమ్మకు పూలామె అడిగిన ప్రశ్న గుర్తుంది గానీ, తాత ఇచ్చిన జవాబు గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు.

ఆనాటినుంచి తీస్తున్నాను.

కోయంబత్తూరు తెలుగువాళ్ళలో ప్రయాణానికీ కెమెరాకూ ముడివేసినవాళ్ళు అనగానే నాకు జి.డి. నాయుడు గుర్తుకొస్తారు. 1893లో కలంగల్‌లో తెలుగు ఇంట పుట్టిన ఆయన, 1920లో పొల్లాచి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి వందల బస్సుల యజమాని అయ్యారు. అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల పైవంతెనకు 2025లో ఆయన పేరే పెట్టారు. యంత్రాల మనిషిగా అందరికీ తెలిసిన ఆయన ఎక్కడికి పోయినా కెమెరా పట్టుకుపోయేవారు. 1936 జనవరిలో లండన్‌లో ఐదో జార్జి రాజు అంతిమయాత్రను తన కెమెరాతో తీశారు. గాంధీని, నెహ్రూను, సుభాష్ చంద్రబోసును కూడా తీశారు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో శాస్త్ర సాంకేతిక విభాగంలో బహుమతి వచ్చింది.

ఆ కాలంలో సొంతంగా తీసుకునే సినిమాలకు సాధారణంగా గొంతు ఉండేది కాదు. 16 ఎంఎం ఫిల్ము చుట్ట 100 అడుగులుంటే, సెకనుకు 16 ఫ్రేముల చొప్పున నాలుగు నిమిషాలకు అయిపోయేది. నాలుగు నిమిషాలు, అవీ మూగవి. లండన్ వీధిలో రాజు శవపేటిక పోతుంటే, కెమెరా వెనక నిలబడిన కలంగల్ మనిషి పక్కవాళ్ళతో ఏమన్నాడో, తెలుగులో గొణుక్కున్నాడో తమిళంలోనో, దాన్ని పట్టే వీలు ఆయనకు లేదు. రాజు బొమ్మ ఆ రోజు ఎన్నో కెమెరాల్లో పడింది. నాకు వినాలని ఉన్నది నాయుడుగారి గొంతు. ఆయనకు లేని వీలు ఇవాళ మా ఇంటికి పనికి వచ్చే పిల్ల చేతిలో కూడా ఉంది.

తమ్ముడు చెప్పిన "కండ్లతో చూడు" మాటను నేను కొట్టిపారేయను. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులను మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని చెప్పారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. 2014లో ఆ పరిశోధన అచ్చయ్యాక ఫోను లోపల పెట్టమనేవాళ్ళకు గట్టి ఆధారం దొరికినట్టయింది. కానీ 2017లో అలిగ్జాండ్రా బరాష్, మరి ముగ్గురు చేసిన పరిశోధన నన్ను నిద్రపోనివ్వలేదు. తమకు నచ్చినవాటిని ఫొటోలు తీసుకున్నవాళ్ళకు చూసినవి బాగానే గుర్తున్నాయి, తీయనివాళ్ళకంటే ఎక్కువే. తగ్గింది విన్నది. చెవిలో పడ్డ వ్యాఖ్యానం వాళ్ళకు అంతగా నిలవలేదు. అది ఫొటోల సంగతే, వీడియోల సంగతి కాదు. అయినా మా వ్యానులో జరిగింది కూడా ఇదే కదా అనిపించింది. గోపురం మాకందరికీ గుర్తుంది, మెట్లు గుర్తున్నాయి, తాత కట్టుకున్న పంచె అంచు రంగు గుర్తుంది. మాటే జారిపోయింది. అందుకని కెమెరా వద్దంటే నేనొప్పుకోను. కెమెరాకు చెవి ఉంచండి అంటాను.

మాట జారిపోవడం మా జాతికి కొత్త కూడా కాదు. విజయనగర కాలంలో, ఆ తర్వాత మదురైలో నాయకుల ఏలుబడి నడిచిన రోజుల్లో మా పెద్దలు తుంగభద్ర దాటి ఇంత దూరం వచ్చారు. మేము చేసిన ప్రయాణాలన్నిటిలోకి పెద్దది అదే. ఏ దావన వచ్చారో, దారిలో ఎవరు పోయారో, ఏ ఏరు దాటలేక ఏడ్చారో మా ఇళ్ళలో ఒక్కరూ రాసిపెట్టలేదు. ఏటి ఒడ్డున కానుగ చెట్లు రెండు వైపులనుంచీ వంగి వంతెనై తమవాళ్ళను దాటించాయని మాలాగే తెలుగు మాట్లాడే తొట్టియ నాయకులు చెప్పుకునే కథను 1909లో థర్‌స్టన్ అనే తెల్లదొర ఇంగ్లీషులో రాసుకున్నాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి మాట తెలుగే. మా వలస కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా 1976లో రాస్తే, అది తమిళంలో రావలసి వచ్చింది. ఆ నవలలో వలస కథంతా చెప్పేది ఒక ముసలవ్వ. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆ అవ్వ తమిళంలో మాట్లాడుతుంటే చదివిన ప్రతిసారీ, ఆమె అసలు నోట ఆ మాట ఎట్లా పలికి ఉంటుందా అని ఆగిపోతాను.

రాత చేతిలో ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల దారిలో మజిలీలు, సత్రాలు, నీళ్ళ వసతి, సరుకుల ధరలు అన్నీ తెలుగులో స్నేహితుడికి రాసి పంపాడు, 1838లో పుస్తకమై వచ్చింది. మా తాతకు ఆ విద్య ఉంటే తిరుపతి పూలామెకు ఏమి చెప్పాడో ఆ రాత్రే సత్రంలో కూర్చుని రాసుకునేవాడు. లేదు గనక ఆయన ప్రయాణపుస్తకం గాలిలోనే ఉంది, దాన్ని పట్టుకునే సాధనం టేపే.

అందుకే తీసేటప్పుడు కొన్ని పట్టింపులు పెట్టుకున్నాను. మొదట తేదీ, ఊరు, బండిలో ఎవరెవరున్నారో నోటితో చెబుతాను, తెలుగులోనే. కిటికీ అద్దం ఎక్కిస్తాను, గాలి హోరు గొంతును మింగేస్తుంది. కొండను చూపిస్తూ కొండ గురించి చెప్పమని ఎవరినీ అడగను. అడిగితే మా వాళ్ళు టీవీలో మాట్లాడినట్టు బిగుసుకుపోతారు. కొంచెం సేపు తీసి ఆపేయను. పది నిమిషాలు పోయాక కెమెరా సంగతి మరచి, మజ్జిగన్నం మూత ఎవరు తీశారని పోట్లాడుకుంటారే, అప్పుడు వస్తుంది అసలు మాట. ఇంటికొచ్చాక రెండు చోట్ల దాస్తాను. నా కూతురు ముప్పై సెకన్లకు కత్తిరించి పైన పాట వేసి స్నేహితులకు పంపుకుంటానంటే పంపుకోనిస్తాను. కానీ అసలు దాని మీద చెయ్యి పడనివ్వను. దయచేసి మీరూ పడనివ్వకండి. పాట మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది.

2008లో తీసింది ఒకటి ఉంది. ఇదే దింబం ఘాటు, చిన్న డిజిటల్ కెమెరా. మైసూరు పోతున్నాం. తొమ్మిది నిమిషాలు. చూడ్డానికి ఏమీ లేదు: సగం కిటికీ చువ్వ, సగం మా అమ్మ భుజం, ఒకచోట కోతి. ఎనభై దాటిన అవ్వ ముందు సీట్లో కూర్చుని మలుపులు లెక్కపెడుతోంది. "పదారు... పదేడు... మెల్లగా పోనీరా అబ్బీ, కడుపులో తిప్పతాండాది... పద్దెనిమిది." మధ్యలో ఒక లారీ అడ్డమొస్తే దాని డ్రైవరును తిట్టింది, ఆ తిట్టు ఇప్పుడు మా ఇంట్లో ఎవరి నోటా లేదు. పైకి చేరాక తమ్ముడు, "అయిపోయింది అవ్వా, మొత్తం ఇరవయ్యేడు" అన్నాడు.

"ఇరవయ్యారే."

"బోర్డులో ఇరవయ్యేడని రాసినారు."

"రాసినోడికి లెక్క రాదు. నేను పట్టి చూస్తానే ఉండా గదా. ఇరవయ్యారే."

లారీని తిట్టేటప్పుడు ఒక మలుపు తప్పిపోయి ఉంటుంది. మరుసటి ఏడు అవ్వ పోయింది.

పోయిన ఆదివారం నా కూతురు లెక్కపెట్టింది. పది దాకా గడగడా చెప్పింది. పదకొండు, పన్నెండు తడుముకుంది. పద్నాలుగు దగ్గర తమిళంలోకి దిగబోతే అమ్మ వెనక సీట్లోంచి అందించింది. పంతొమ్మిది దగ్గర మళ్ళీ అందించింది. పైన మలుపు తిరిగి చల్లగాలి తగలగానే పిల్ల గట్టిగా, "ఇరవయ్యేడు!" అంది. నేనింకా తీస్తూనే ఉన్నాను. తమ్ముడు గేరు మార్చి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"ఇరవయ్యారే."