వేరులోని ఎరువుల కర్మాగారం

సూరత్‌లో నివసించే మనకు హజీరా అనగానే సహజవాయువు, ఆ వాయువుపై ఆధారపడి వెలసిన పరిశ్రమలు స్ఫురిస్తాయి. 1986లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించిన క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం వాటిలో ప్రముఖమైనది. అక్కడ జరిగే పని సారాంశం ఒక్క మాటలో చెప్పవచ్చును: గాలిలోని నత్రజనిని పట్టి, మొక్క గ్రహించగల రూపంలోకి మార్చడం. ఇదే పనిని పొగగొట్టం లేకుండా, చప్పుడు లేకుండా నిర్వహించే మరొక కర్మాగారం పప్పుజాతి మొక్కల వేళ్లలో ఉన్నది. సోయా చిక్కుడు వేళ్లలో అది నడిచే తీరును ఈ నెల మన శీర్షికలో పరిశీలిద్దాం.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినప్పటికీ నత్రజని చాలక పైరు పసుపుబారడం సర్వసాధారణం. నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకొని ఉండటమే దీనికి కారణం. ఆ ముడిని విప్పే విధానాన్ని ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో నిరూపించగా, కార్ల్ బాష్ కృషితో 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో పారిశ్రామిక ఉత్పత్తి ఆరంభమైనది. ఇందుకు ఇనుప ఉత్ప్రేరకం, 400 నుండి 500 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి, సాధారణంగా 150 నుండి 200 వాతావరణాల పీడనం అవసరమవుతాయి. తయారైన అమ్మోనియాను యూరియాగా మారుస్తారు. మన దేశంలో టన్ను యూరియాకు 5.5 నుండి 6 గిగాకేలరీల వరకు శక్తి వ్యయమవుతున్నది.

వేరులోని కర్మాగారానికి ఈ వేడిమి, పీడనం ఏవీ అక్కరలేదు. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని వినియోగించుకుంటాయని 1886లో జర్మన్ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్ఫార్త్ ప్రకటించారు. 1888లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బుడిపెలలోని బాక్టీరియాను వేరుపరచి చూపాడు. సోయా వేరు మట్టిలోనికి కొన్ని రసాయనాలను విడుదల చేస్తుంది. వాటిని గుర్తించిన బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా తిరిగి తన సంకేతాన్ని పంపుతుంది. అప్పుడు వేరు కేశం వంపు తిరిగి దానిని లోనికి తీసుకొంటుంది. అక్కడ ఏర్పడిన బుడిపెలో నైట్రోజినేజ్ అనే ఎంజైము నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ప్రాణవాయువు తగిలితే ఈ ఎంజైము చెడిపోతుంది; కాని బాక్టీరియా శ్వాసకు ప్రాణవాయువు కావాలి. ఈ చిక్కును పరిష్కరించేది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు బంధువైన లెగ్‌హీమోగ్లోబిన్. పనిచేసే బుడిపెను కోసినప్పుడు లోపల కనిపించే గులాబీ రంగు దానిదే.

ఈ సేవ ఉచితం కాదు. ఒక్క నత్రజని అణువును విడదీయడానికి కనీసం 16 ఎ.టి.పి. అణువుల శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తికి మూలం ఆకు తయారుచేసిన చక్కెరయే. మొక్క లెక్క చూడకుండా చెల్లించేది కూడా కాదు. కొన్ని బుడిపెలకు నత్రజని అందకుండా చేసి పరీక్షించగా, సోయా మొక్క అటువంటి బుడిపెలకు ప్రాణవాయువు సరఫరాను తగ్గించివేసినట్లు 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. పని చేయని గుత్తేదారు బిల్లును నిలిపివేయడం మన కార్యాలయాలకే పరిమితం కాదన్నమాట.

శీతకాలంలో సూరత్ ఇళ్లలో ఉంధియూ వండే పాపడీ మన చిక్కుడు జాతిదే. మన నేలలలో సహజంగా ఉండే బాక్టీరియాతోనే దానికి సాధారణంగా పొత్తు కుదురుతుంది. సోయా సంగతి వేరు. చైనా ప్రాంతంలో పుట్టిన ఈ పంట మధ్యభారతంలో విస్తరించినది 1970 దశకం నుండియే. దానికి నచ్చిన బాక్టీరియా కొత్త నేలలో ఉండకపోవచ్చు. అందుకే విత్తనానికి రైజోబియం పొడి పట్టించవలసి వస్తున్నది. ఏటా సోయా పండిన చేలలో బాక్టీరియా కొంత నిలిచి ఉంటుంది కనుక, అక్కడ దీని లాభం అంత ప్రస్ఫుటంగా కనిపించదు.

ఇక చిన్న లెక్క. సోయా గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు; వాటిలో 16 శాతం నత్రజని. అనగా టన్ను గింజలలో 64 కిలోల నత్రజని, దాదాపు 139 కిలోల యూరియాకు సమానం! దీనిలో సాధారణంగా సగం, ఒక్కొక్కచోట అంతకు కొంత మించి, బుడిపెల నుండి వస్తుంది. మిగిలినది నేల ఇవ్వవలసినదే. కనుక సోయా వేస్తే భూమి బలపడుతుందన్న మాట సగమే నిజం. గింజను అమ్ముకొని, పొట్టును, ఆకును కూడా తగులబెట్టినచో నేల నష్టపోతుంది.

కొరత ఉన్నది గదా అని యూరియా చల్లినచో? ఇక్కడే మనబోటి ఇంజనీర్లు గమనించవలసిన విషయం ఉన్నది. మట్టిలో నైట్రేటు పుష్కలమైతే మొక్క బుడిపెలను పెంచడం మానుకొంటుంది, ఉన్నవి మందగిస్తాయి. అందుకే విత్తేటప్పుడు హెక్టారుకు 20 కిలోల వరకు నత్రజని చాలునని మన దేశంలో సిఫారసు చేస్తున్నారు. బ్రెజిల్ దేశం నత్రజని ఎరువు దాదాపు వాడకుండానే సోయా సాగులో అగ్రస్థానానికి ఎదిగినది. అందుకు బాట వేసిన వారిలో శాస్త్రవేత్త జొహానా డోబెరైనర్ ముఖ్యురాలు. హజీరా నుండి బయలుదేరే గ్యాస్ పైపులైను సోయాకు పేరొందిన మాళవ మీదుగా విజయ్‌పూర్ ఎరువుల కర్మాగారానికి వెళ్తున్నది. 2005 నుండి హజీరా రేవుకు విదేశీ ద్రవీకృత వాయువు కూడా వస్తున్నది. అంత ఖరీదైన వాయువుతో చేసిన యూరియా వరికి, గోధుమకు, చెరకుకు ప్రాణాధారం. దానినే బుడిపెలు గల సోయాకు గుమ్మరించడం నడుస్తున్న యంత్రాన్ని డబ్బిచ్చి ఆపించడమే. మన పరిశ్రమ గౌరవం బస్తాల సంఖ్యలోనే కాదు, బస్తా చేరవలసిన చోటికి చేరడంలోనూ ఉన్నది.

స్వస్థలంలో సేద్యం ఉన్న కుటుంబాలవారు, ముఖ్యంగా ఆదిలాబాదు ప్రాంతంవారు, కొన్ని జాగ్రత్తలు పాటించవలెను. పొట్లంలో ఉన్నవి ప్రాణులు; గడువు తేదీ చూడవలెను, ఎండలో ఉంచరాదు. 2006 నాటి ప్రభుత్వ ప్రమాణం ప్రకారం పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలి. చల్లారిన బెల్లపు నీటితో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి, ఆనాడే విత్తవలెను. శిలీంద్రనాశక మందు వాడదలచినచో దానిని ముందుగా పట్టించి, బాక్టీరియాను చివరన కలపవలెను.

నెలా పదిహేను రోజుల పైరులో ఒక మొక్కను లాగక, మట్టితో సహా తవ్వి, వేరు కడిగి, బుడిపెను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉన్నచో యూరియా బస్తా విప్పనక్కరలేదు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నచో వ్యవసాయాధికారిని సంప్రదించండి. పొలం లేనివారు పెరటి చిక్కుడు పాదు వద్ద తమ పిల్లలకు ఈ వింతను చూపవచ్చును.