బావని బావ అనే చెప్పండి

మా పెద్దమ్మాయి అమెరికా వీసా ఇంటర్వ్యూకి తేదీ వచ్చిందని తెలియగానే మా ఇంట్లో ఫోన్లు మోగడం మొదలైంది. శుభాకాంక్షలకంటే సలహాలే ఎక్కువ. వాటిలో నూటికి తొంభై ఒకటే సలహా. "మేనరికం అని మాత్రం నోరు జారొద్దని చెప్పు, ఆ దేశంలో అది తప్పుట." మా పిన్నయితే ఇంకో అడుగు ముందుకేసి, "తెలిసినవాళ్ల సంబంధం అని చెబితే సరిపోతుంది కదే, అబద్ధమూ కాదు" అంది.

సంగతేమిటంటే, మా అల్లుడు మా అన్నయ్య కొడుకే. వాడికి అయిదేళ్లప్పుడు అన్నయ్యావాళ్లూ న్యూజెర్సీ వెళ్లిపోయారు. వాడు అక్కడే చదువుకుని, అక్కడి పౌరుడయ్యాడు. మేనల్లుడు అల్లుడయ్యాడని మా అమ్మ మురిసిపోయింది. పెళ్లి ఇక్కడ, మా తణుకులోనే చేశాం. ఆ తర్వాత కాగితాలు నడిచి ముంబయిలో ఇంటర్వ్యూ దాకా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నాకు అర్థమైనవి కొన్ని మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం. మేనరికం చేసి పిల్లల్ని పై దేశానికి పంపబోతున్న అమ్మలు మీలో ఉంటారని నాకు తెలుసు.

ముందుగా, దాచడం సంగతి. దాచాలన్నా దాగదు. మా అమ్మాయి కాగితాల్లో నా పుట్టింటి ఇంటిపేరు ఉంది, అల్లుడి ఇంటిపేరూ అదే. పెళ్లి ఫోటోలు చూపించాలి. ఆ ఫోటోల్లో పెళ్లికొడుకు తరఫు ఎవరు, పెళ్లికూతురు తరఫు ఎవరు అంటే ఏం చెబుతాం? ఇద్దరి వెనకా నిలబడి అక్షింతలు వేస్తున్నది మా అమ్మే. ఒకరికి అమ్మమ్మ, ఇంకొకరికి నాయనమ్మ. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మేనమామ ఆ రోజు పెళ్లికొడుకు తండ్రి హోదాలో పట్టుపంచె కట్టుకుని పీటల పక్కన ఉన్నాడు. ఆ గంప మా చిన్న తమ్ముడు పట్టాల్సి వచ్చింది. ఇన్ని తెలిసేలా ఉంటే, ఒక్క మాట మింగేస్తే ఎవరికి తెలియదు?

పైగా అక్కడ కుడిచెయ్యి ఎత్తి అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే, ఆ మచ్చ జీవితాంతం వదలదు. తప్పు కానిదాన్ని దాచబోయి నిజంగా తప్పు చేసినవాళ్లమవుతాం.

అసలు తప్పా, కాదా? దీనిమీద మనకున్నవన్నీ గాలిమాటలే. మన దేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల బిడ్డల మధ్య పెళ్లిని నిషేధించిన బంధుత్వాల్లోనే చేర్చింది. అయితే ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. మన దగ్గర మేనరికాలు చెల్లుతున్నది ఆ ఒక్క మినహాయింపు మీదే. ఈ మాట మా లాయరు చెప్పేదాకా నాకూ తెలియదు. మనం చేసుకునేదే లోకరీతి అనుకుంటాం కదా! అందుకే ఆయన పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టుతో పాటు, మా కుటుంబాల్లో ఈ ఆచారం ఉందని ఇద్దరు పెద్దల చేత అఫిడవిట్ కూడా రాయించి పెట్టుకోమన్నారు.

అమెరికా సంగతికొస్తే, పెళ్లి జరిగిన చోట చట్టప్రకారం చెల్లితే ఇమిగ్రేషన్ వాళ్లు మామూలుగా దాన్ని పెళ్లిగానే చూస్తారు. కాకపోతే దంపతులు కాపురం పెట్టబోయే రాష్ట్రం ఏదన్న ప్రశ్న కూడా ఉంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో ఇలాంటి పెళ్లికి అడ్డు లేదు. టెక్సాస్ 2005లో నిషేధించింది, టెన్నెసీ 2024లో. మనవాళ్లు డాలస్‌లో ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. అబ్బాయి అలాంటి రాష్ట్రంలో ఉంటే లగ్నం పెట్టుకోకముందే అక్కడి లాయర్ని అడగాలి. పెళ్లి ఇక్కడ చేయకుండా ఫియాన్సే వీసా మీద పంపేవాళ్లయితే మరీ జాగ్రత్త. వెళ్లిన 90 రోజుల్లో అక్కడే పెళ్లి చేసుకోవాలి కదా, ఆ రాష్ట్రం ఒప్పుకోకపోతే ఏం చేస్తారు? బంధువుల సలహాలు కాదు, ఇవీ అడిగి తెలుసుకోవాల్సినవి.

ఇక సిగ్గు సంగతి. పరాయివాడు నవ్వుతాడేమోనన్న సిగ్గు మనకి ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. అర్జునుడికి సుభద్ర మేనమామ కూతురు, అభిమన్యుడికి శశిరేఖా అంతే. మాయాబజార్ చూసినప్పుడు మనలో ఎవరికైనా తప్పనిపించిందా? అంతెందుకు, జీవులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పిన డార్విన్ 1839లో పెళ్లాడిన ఎమ్మా ఆయనకి సొంత మేనమామ కూతురే. ఐన్‌స్టీన్ రెండో భార్య ఎల్సా ఆయన తల్లి అక్కచెల్లెలి కూతురు. మన లెక్కలో అక్క వరస, మనమైతే చెవులు మూసుకుంటాం! ఏది వరస, ఏది కాదు అనేది ఒక్కో జాతి ఒక్కోలా గీసుకున్న గీత. మన గీత ఏమిటో మనం తలెత్తి చెప్పగలగాలి.

చెప్పడంలో మాత్రం ఒక చిక్కుంది. అది భాషలో ఉన్న చిక్కు. నేను బీఏ తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఇది నాకు చప్పున తట్టింది. మన భాషలో పెదనాన్న కొడుకు అన్న, పెద్దమ్మ కొడుకూ అన్నే. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు బావ. పుట్టిన రోజునుంచే ఈ ఇద్దరూ వేరు. ఇంగ్లీషువాడికి నలుగురూ కజిన్లే. మన పిల్లలు ఆ మాటకి ఇంకో తోక తగిలిస్తారు. ఇంటర్వ్యూకి నెల ముందు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేనే ఆఫీసర్‌లా "ఆయన నీకు ఏమవుతాడు?" అని ఇంగ్లీషులో అడిగితే మా అమ్మాయి తడుముకోకుండా "కజిన్ బ్రదర్" అంది. కాలేజీలో అందరూ అనే మాట అది. మొగుణ్ని పట్టుకుని బ్రదర్ అంటావేమిటే అని ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. తర్వాత నాకు చెమట పట్టింది. అదే మాట అక్కడ అనుంటే?

అందుకని తేలిగ్గా అర్థమయ్యే మాట ఒకటి కుదుర్చుకున్నాం. "మా అమ్మకి సొంత అన్నయ్య కొడుకు. మా ప్రాంతంలో ఇది పాత ఆచారం, మా చట్టం ఒప్పుకుంటుంది." అంతే. అడిగితేనే చెప్పాలి, అడిగితే మాత్రం తడబడకుండా చెప్పాలి.

ఇంతవరకూ నాకు అన్నీ చేతనైన పనుల్లాగే అనిపించాయి. ఫోటోలు తేదీలవారీగా పెట్టాను, సర్టిఫికెట్లు ఫైల్లో సర్దాను. ఇంట్లో పచ్చళ్ల సీసాలు సర్దుకున్నంత తేలిక. ఆ తర్వాత ప్రశ్నల దగ్గర నా ధైర్యం సడలింది.

ఆ ఆఫీసర్‌కి అసలు కావాల్సింది బంధుత్వం కాదు. ఈ పెళ్లి కాగితం కోసం చేసుకున్నదా, కాపురం కోసం చేసుకున్నదా అన్నదే. అందుకే మీరు మొదట ఎప్పుడు కలిశారు, ఒకరి గురించి ఒకరికి ఏం తెలుసు, పెళ్లి నిర్ణయం ఎలా జరిగింది అని అడుగుతారు. బయటి సంబంధం చేసుకున్న పిల్లలకి వీటికి జవాబులుంటాయి. పెళ్లిచూపుల రోజు ఉంటుంది, కాఫీ షాపు ఉంటుంది, మొదటి ఫోన్ ఉంటుంది. మా అమ్మాయికి మొదటి రోజే లేదు. పుట్టినప్పట్నుంచీ బావ ఉన్నాడు. పెళ్లయ్యాక పిలుపులు కూడా మారలేదు, మావయ్య మావయ్యే, అత్తయ్య అత్తయ్యే.

"ఆయనకేం కూర ఇష్టం?" అంటే "అత్తయ్య గుత్తివంకాయ బాగా చేస్తుంది" అంది. "ఆయన ఆఫీసులో ఏం చేస్తారు?" అంటే "మావయ్యని అడగాలి" అంది. మావయ్యకి ఏ మోకాలు నొప్పో తెలుసు, అత్తయ్య ఏ వ్రతం పట్టిందో తెలుసు. మొగుడు పొద్దున్న ఎన్నింటికి లేస్తాడో తెలియదు. నేను కూర్చుని లెక్కవేశాను. అన్నయ్యావాళ్లు రెండు మూడేళ్లకోసారి వచ్చేవారు. అందరం పోగయ్యేవాళ్లం, ఇల్లంతా సందడి. అన్నీ కలిపినా ఈ ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులు వంద దాటవు. చిన్నప్పట్నుంచీ ఒకరినొకరు ఎరిగినవాళ్లని మేమంతా గట్టిగా నమ్మాం. ఎరిగింది కుటుంబాలు.

చివరి ప్రశ్న అడిగాను. "ఈ పెళ్లి ఎవరు నిర్ణయించారు?"

"అమ్మమ్మ" అంది.

"మరి నువ్వు?"

కాసేపు ఊరుకుని, "నన్నెవరూ అడగలేదు కదమ్మా. బావే కదా అనుకున్నారు అందరూ" అంది. కోపంగా అనలేదు. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్కడే కూర్చుండిపోయాను. పరాయి సంబంధమైతే మేం ఎంత విచారించి ఉండేవాళ్లం! అబ్బాయి ఉద్యోగం, అలవాట్లు, స్నేహితులు, అన్నీ ఆరా తీసేవాళ్లం. అమ్మాయిని పదిసార్లు "నీకు నచ్చాడా" అని అడిగేవాళ్లం. సొంతవాడు కాబట్టి ఒక్కసారీ అడగలేదు. మేనరికంలో మనకి నచ్చేదే ఆ నిశ్చింత. ఆ నిశ్చింత పేరు మీదే పిల్ల నోటిమాట వినడం మానేశాం. దేశం కాని దేశపు ఆఫీసర్ అడగబోయే ప్రశ్న, కన్నతల్లిని నేను రెండేళ్లు ఆలస్యంగా అడిగాను. అదీ వీసా కోసం.

ఏం చెప్పాలో ఆ రాత్రి నేను దానికి నేర్పలేదు. నేర్పితే ఇంకో తప్పయ్యేది. అదే మేడమీదకి వెళ్లి వాడికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్న చెప్పింది. "బావనీ ఎవరూ అడగలేదటమ్మా. నానమ్మ కోసం సరే అన్నాడట." ఆ తర్వాత రోజూ మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఈసారి ఇళ్ల కబుర్లు కాదు. డబ్బు ఎలా ఖర్చు పెడతావు, నేను ఉద్యోగం చేస్తే నీకేమిటి, అమ్మానాన్నలతో కలిసి ఉంటామా, వేరే ఉంటామా, పిల్లలు ఎప్పుడు... అలాంటివి. వాడు సెలవు పెట్టుకుని పన్నెండు రోజులకి వచ్చాడు. చుట్టాలెవరూ లేకుండా ఇద్దరూ అరకు వెళ్లొచ్చారు. మా అమ్మ నొచ్చుకుంది, నేను సర్దిచెప్పాను. అక్కడ ఇద్దరూ ఒకరోజంతా దెబ్బలాడుకున్నారట. అది విన్నాక నాకు మొదటిసారి వీళ్లు మొగుడూ పెళ్లాలనిపించింది.

డాక్టర్ దగ్గరికీ వెళ్లారు. ఆఫీసర్ అడగడు కానీ మనం తప్పక అడగాల్సిన ప్రశ్న అది. పుట్టే బిడ్డకి పుట్టుకతో లోపాలుండే అవకాశం మామూలుగా నూటికి రెండు మూడు ఉంటే, మేనరికంలో దాదాపు రెట్టింపంటారు. అంటే నూటికి తొంభైకి పైగా బాగానే పుడతారు. కానీ తరతరాలుగా మేనరికాలే అయితే ఆ లెక్క పెరుగుతుంది. మా అమ్మానాన్నలదీ మేనరికమే. జెనెటిక్ కౌన్సిలింగ్ అనేది ఒకటుందని, అది పెళ్లికి ముందే చేయించుకోవడం మంచిదని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటా ఆలస్యంగానే విన్నాం.

ముంబయిలో నన్ను లోపలికి రానివ్వలేదు. ఫోన్లు కూడా లోపలికి తీసుకెళ్లకూడదు కాబట్టి దాని ఫోన్ నా చేతిలో ఉంది. అక్కడ అర్ధరాత్రి అయినా వాడు నిద్రపోలేదు, పది నిమిషాలకోసారి మోగిస్తూనే ఉన్నాడు. తెర మీద "బావ" అని తెలుగులో పడుతోంది. బయటికొచ్చి చెప్పింది, బంధుత్వం అడిగారని, చెప్పానని, ఆచారమా అంటే అవునన్నానని. ఆ తర్వాత ఆఖరిసారి ఎప్పుడు కలిశారని అడిగితే అరకు సంగతి చెప్పిందట. దెబ్బలాట కూడా చెప్పావా అన్నాను. "అదే ముందు చెప్పాను" అంది. వీసా వచ్చింది.

మొన్న మా చుట్టాలావిడ ఒకరు ఫోన్ చేశారు. వాళ్లమ్మాయిని మేనత్త కొడుక్కి ఇద్దామనుకుంటున్నారట, అబ్బాయి అక్కడే పౌరుడు. "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ఆ ప్రశ్నలు కాస్త పంపించవా, ఇప్పట్నుంచే తయారు చేస్తాను" అంది.

పంపించాను. కింద ఒక్క మాట రాశాను: ముంబయి దాకా ఆగొద్దు వదినా, లగ్నపత్రిక రాసుకోకముందే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఇవే అడుగు. జవాబు చెప్పేటప్పుడు నువ్వు మధ్యలో మాట్లాడకు.