బయోడేటా అర్జీ కాదు

పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి మన పిల్లలు ఎక్కడుంటున్నారో ఒకసారి చూడండి. కొందరు మిర్చి కోతల్లో ఉంటారు. కొందరు రంగుల మేస్త్రీ వెనక డబ్బా పట్టుకుని తిరుగుతారు. కొందరు పెళ్లిళ్లలో వడ్డించడానికి క్యాటరింగ్ ఆటో ఎక్కుతారు. ఇంటర్ అయిందో, ఐటీఐ అయిందో అనిపించుకున్నాక ఎవడో ఒకడు టౌన్లో షాపులోనో, గోడౌన్లోనో, ఆస్పత్రి కౌంటర్లోనో పనుందని విని పోతాడు. అక్కడ మొదట అడిగే మాట ఒక్కటే: "బయోడేటా తెచ్చావా?"

తేలేదు. అదేంటో ఎవరూ చెప్పలేదు. బస్టాండు పక్కన జిరాక్సు షాపుకు పరిగెత్తుతాడు. షాపాయన కంప్యూటర్లో ముందే ఒకటి తయారుగా ఉంటుంది. అందులో ఎవరిదో పేరు కొట్టేసి వీడి పేరు పెడతాడు. హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఆడపిల్ల పోయినా అదే క్రికెట్టు. మేం చూసిన ఒకదాంట్లో పేరు మనోడిది, తండ్రి పేరు ఇంకెవరిదో. ఆ కాగితం పట్టుకుని రెండు చోట్ల నిలబడి వచ్చాక గాని ఆ పిల్లాడు చూసుకోలేదు. డబ్బులు మాత్రం షాపాయన లెక్కగా తీసుకున్నాడు.

బళ్లో కాగితం రాయడం నేర్పలేదా అంటే, నేర్పారు. లీవు లెటరు నేర్పారు. జ్వరం వచ్చింది, దయచేసి రెండు రోజులు సెలవివ్వండి, ఇట్లు తమ విధేయుడు. మన పెద్దోళ్లు రాయించుకున్న కాగితాలూ అంతే. ఇళ్ల స్థలానికి అర్జీ, పింఛనుకు అర్జీ, స్టేషన్లో మా ఫిర్యాదు తీసుకోండయ్యా అని అర్జీ. తరాలుగా మన చేత్తో రాసిన ప్రతి కాగితంలోనూ చేతులు కట్టుకునే నిలబడ్డాం. బయోడేటాలో 'దయచేసి' అనే మాట లేదు. నేను ఫలానా, ఇంత చదివాను, నాకు ఈ పని వచ్చు. అంతే. అందుకే దీన్ని బళ్లోనే, తొమ్మిది పది తరగతుల్లోనే నేర్పాలంటున్నాం. అయ్యవార్లు నేర్పకపోతే మనమే పోయి నేర్పాలంటున్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్నాళ్లూ మన గురించి రాసింది ఎవరు? కరణం రాశాడు, పేరు చివర 'గాడు' తగిలించి. బళ్లో వేసేటప్పుడు పుట్టిన తేదీ హెడ్మాస్టరు తోచింది వేశాడు. మన వాడల్లో ఎంతమంది పెద్దోళ్లు జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టారో లెక్కేసుకోండి! తన గురించి తానే ఒక కాగితం రాసుకోవడం మన ఇళ్లల్లో చాలామందికి ఇదే మొదలు.

మొన్న వేసవికి ముందు మేము ఒక హాస్టల్లో పదో తరగతి పిల్లలతో కూర్చున్నాం. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీకేం వచ్చో రాయండి" అన్నాం. అరగంటకి కూడా కాగితాలు తెల్లగానే ఉన్నాయి. "మాకేం రాదు సార్" అన్నారు. తప్పు మా ప్రశ్నలో ఉందని అప్పుడు తెలిసింది. "సెలవుల్లో ఇంటికి పోతే పొద్దుటి నుంచి ఏం చేస్తారు, అది చెప్పండి" అన్నాం. అప్పుడు నోళ్లు విచ్చుకున్నాయి. ఒక అమ్మాయి వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకం రెండేళ్లుగా తానే రాస్తోంది. ఎవరెంత కట్టారు, ఎవరికెంత బాకీ, అంతా ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఒకడు హాస్టల్ మెస్ కమిటీలో ఉండి రోజూ బియ్యం తూకం చూసి సంతకం పెడతాడు. ఒకడు ఏ గోడకి పుట్టీ ఎంత పడుతుందో చూసి చెప్పగలడు. ఒకమ్మాయి బ్యాంకులో పల్లె ఆడోళ్ల ఫారాలు నింపిపెడుతుంది. వీళ్లు ఏమీ రానోళ్లా?

పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. పసిపిల్లల కూలిని చూసి మేం మురిసిపోవడం లేదు. కానీ చేసిన పనిని పిల్లవాడు సిగ్గుతో దాచుకుంటే నష్టం పిల్లవాడికే. "మేస్త్రీ దగ్గర డబ్బా మోశాను" అని చెప్పినోడి చేత ఇట్లా రాయించాం: "రెండు వేసవి సెలవుల్లో భవనాల రంగుల పనిలో సహాయకుడు. పుట్టీ, ప్రైమర్ వేయడం వచ్చు. సరుకు లెక్క చూడటం వచ్చు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి "పదిమంది సభ్యుల పొదుపు సంఘానికి రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను" అని రాసుకుంది. రాసి, తన కాగితాన్ని తానే రెండుసార్లు చదువుకుంది.

తండ్రి వృత్తి దగ్గర మళ్లీ ఆగిపోయారు. సెంటు భూమి లేని ఇంటి పిల్లాడు 'వ్యవసాయం' అని రాశాడు. ఎందుకురా అంటే కూలి అని రాస్తే బాగుండదు సార్ అన్నాడు. మేం ఆ గడినే కొట్టేయించాం. గోడౌన్లో లెక్క చూసే పనికి నాన్న ఏం చేస్తాడో ఎందుకు? ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం కూలి అనే చెప్పు, తల దించకుండా చెప్పు అన్నాం.

ఇక పేరు సంగతి. పేరులో ఏముంది అనేవాళ్లకు ఒక లెక్క చెప్తాం. సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ అనే ఇద్దరు పండితులు 2005 అక్టోబరు నుంచి 66 వారాలు, ఇంగ్లీషు పేపర్లలో పడ్డ ప్రయివేటు ఉద్యోగాల ప్రకటనలకు దరఖాస్తులు పంపించారు. 548 ఉద్యోగాలు, 4,808 దరఖాస్తులు. చదువు సమానమే, పేరే వేరు. ఒకటి అగ్రకుల పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. ఇది 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. మన దగ్గర ఇంటిపేరు పొడి అక్షరంలో దాక్కున్నా, అడ్రసు దాగదు. ఎస్సీ కాలనీ, అంబేడ్కర్ నగర్, మాదిగపల్లె అని ఉంటే చదివేవాడి కన్ను అక్కడే ఆగుతుంది.

మరి అడ్రసు ఎట్లా రాయాలి? దీనిమీద మాలో మాకే పేచీ వచ్చింది. డోర్ నంబరు, ఊరు, మండలం, జిల్లా చాలు, ఉత్తరం చేరుతుంది అని కొందరం అన్నాం. అంబేడ్కర్ పేరు దాచుకుని తెచ్చుకునే కొలువు మనకెందుకు అని ఒకరు లేచారు. ఆ అంబేడ్కరే కొలంబియాలో చదివొచ్చి, 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరినప్పుడు, ఉండటానికి చోటు దొరక్క పార్సీ సత్రం రిజిస్టర్లో పార్సీ పేరు రాసుకోవాల్సి వచ్చింది. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. అంత చదువు చదివిన మనిషికే పేరు మార్చుకున్నా నిలవలేదు. కాబట్టి దాస్తే గెలుస్తామనే భ్రమ పిల్లల్లో పెట్టొద్దు. అడ్రసు పిల్లల ఇష్టానికి వదిలేశాం. గురుకులంలో చదివినోళ్లు బడి పేరు మాత్రం పూర్తిగా రాయాలన్నాం. 2014లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ సంక్షేమ బళ్ల పిల్లలే కదా.

కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కాగితం ఒక్కటే, ఒక పక్కే. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత తిప్పలు. ఫోన్ నంబరు తీసేవాళ్లున్నదే ఇవ్వాలి. చదువు ఈ మధ్యది పైన, పాతది కింద. ఆధార్ నంబరు రాయొద్దు. ప్రయివేటు ఉద్యోగానికి కులం, మతం, పెళ్లి రాయొద్దు. సర్కారు దరఖాస్తు వేరు. అక్కడ కులం గడి నింపి తీరాలి, సర్టిఫికెట్ జతచేయాలి. అది 16(4) అధికరణం కింద మన హక్కు, సిగ్గుపడి వదిలేస్తే పోయేది మన ఉద్యోగమే. రాని కంప్యూటర్ కోర్సు వచ్చని రాయనివ్వొద్దు. ముందు తెలుగులో రాయించండి, ఇంగ్లీషు తర్వాత. ఉద్యోగం ఇప్పిస్తాం డబ్బు కట్టమనే వాడికి ఈ కాగితం ఇవ్వొద్దని చెప్పండి.

ప్రయివేటులో రిజర్వేషన్ లేకుండా కాగితాలతో ఏమవుతుందని అడిగే మిత్రులున్నారు. ఆ పోరాటం ఉండాల్సిందే, మేమూ అందులోనే ఉన్నాం. అది గెలిచేదాకా మన పిల్లాడు ఇంకొకడి తండ్రి పేరున్న కాగితం పట్టుకుని తిరగాలా?

దసరా సెలవులకు ముందే మీ మండలంలో హాస్టళ్లకు పోండి. ఒక పూట చాలదు, రెండు ఆదివారాలు పెట్టుకోండి. తెల్లకాగితాలు, పెన్నులు మీరే పట్టుకుపోండి. లోపలికి రానివ్వడానికి వార్డెన్ మిమ్మల్ని ఒక అర్జీ రాసిమ్మంటాడు. రాసివ్వండి, అది మనకు బాగా వచ్చు.