మెరిసేదంతా బెల్లమేనా?

మొన్న పూడూరులో కిరాణా కొట్టుకి వెళ్తే రెండు రకాల బెల్లం చూపించాడు. ఒకటి నల్లగా, ఇంకోటి పసుపు ముద్దలా మెరుస్తూ. నా చెయ్యి మెరిసేదాని మీదికే పోయింది. ఇంటికి తెస్తే మా అత్తమ్మ పెదవి విరిచింది. "బెల్లం గింత తెల్లగుంటదా బిడ్డా?" అంది. ఆమెకు ఉబ్బసం. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

చెరుకు రసం కాస్తే వచ్చేది ముదురు రంగే. దాన్ని తేల్చడానికి కొన్ని బట్టీల్లో 'హైడ్రోస్' కలుపుతారు. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల రంగు పోగొట్టడానికి వాడే మందు. దానివల్ల బెల్లంలో సల్ఫైట్లు మిగిలిపోతాయి. రైతును తిట్టి లాభం లేదు. అనకాపల్లి మార్కెట్లో రంగును బట్టే ధర. ఆ రంగు కోరేది ఎవరు? మనమే కదా!

సల్ఫైట్లు అందరికీ విషమేమీ కావు. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని మన నిబంధన. ఆ లెక్కన 50 గ్రాముల్లో ఉండేది మూడున్నర మిల్లీగ్రాములు. అంతర్జాతీయ నిపుణులు పెట్టిన హద్దు ప్రకారం 20 కిలోల పిల్లవాడికి రోజుకు 14 వరకు ఫర్వాలేదు. కానీ బట్టీ దగ్గర గుప్పిటతో వేసేదాన్ని తూచేదెవరు? పైగా ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి కొంచెమైనా ఆయాసం తెస్తుంది. అందుకే అమెరికా 1986లో పచ్చిగా తినే పండ్లు, కూరగాయలపై సల్ఫైట్లను నిషేధించింది. ఎక్కువగా తినేవాళ్ళకు ప్రమాదం ఉండొచ్చని 2022లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా హెచ్చరించింది.

సల్ఫైట్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ప్యాకెట్ మీద చెప్పాలని మన 2020 లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. బాగానే ఉంది. మరి ముద్ద పగలగొట్టి కాగితంలో చుట్టిచ్చే బెల్లానికి లేబుల్ ఎక్కడిది? మా అత్తమ్మలాంటి వాళ్ళకు తెలిసే దారేది?

2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, కొన్నవాళ్ళే రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. లోపం తేలితే ఆ డబ్బు వాపసిస్తారు. కానీ రాష్ట్ర ప్రయోగశాల ఉన్నది హైదరాబాద్ నాచారంలో. పావుకిలో బెల్లం కోసం కూలి పోగొట్టుకుని ఎవరు వెళ్తారు?

అందుకే పరీక్ష బట్టీ దగ్గర, టోకు మార్కెట్లో జరగాలి. సంక్రాంతికి, మేడారం జాతరకు ముందే జరగాలి. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మనం బంగారం అంటాం. అది బంగారంలా మెరవనక్కర్లేదు. ఈసారి నేను నల్ల బెల్లమే అడిగాను. మీరూ అడగండి. అడిగేవాళ్ళు పెరిగితే దానికీ ధర పలుకుతుంది.