అడ్డొస్తే ఆపేయడమేనా?

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఒక జబ్బుంది. ఏది కనెక్ట్ అవకపోయినా మొదటి సలహా ఒకటే... "ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడు". ఆఫ్ చేస్తాం, పనైపోతుంది, హమ్మయ్య అనుకుని టీకి పోతాం. మళ్ళీ ఆన్ చేసేదెవరు? 2017 దాకా నేనూ ఆ బాపతే.

తెనాలిలో మా బావగారికి ఫోటో స్టూడియో ఉంది. అప్పట్లో రెండు కంప్యూటర్లు, రెండిట్లోనూ విండోస్ 7. పెళ్ళి ఫోటోలన్నీ ఒకదాని డిస్కులో ఉండేవి. ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడు రెండోదాని ముందు కూర్చునేవాడు. 2016 సంక్రాంతికి వెళ్తే, "ఏమోయ్ ఇంజినీరూ, ఆ డిస్కు ఇక్కణ్ణించే తెరుచుకునేలా చేసిపెట్టు" అన్నారు. షేర్ పెట్టాను, రాలేదు. అయిదు నిమిషాలు కుస్తీ పట్టి ఫైర్‌వాల్ మొత్తం ఆపేశాను... ప్రైవేటు, పబ్లిక్ రెండూ. డిస్కు వచ్చేసింది. అరిసెలు తిని హైదరాబాదు బస్సెక్కాను.

2017 మే 12న వాన్నాక్రై మొదలైంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ఆ సోమవారం పొద్దున బావగారి ఫోను: "తెర మీద ఎర్ర పెట్టె వచ్చిందయ్యా, డబ్బులడుగుతోంది". మూడు పెళ్ళిళ్ళ ఫోటోలు పోయాయి. బ్యాకప్ లేదు. ఆల్బమ్ మళ్ళీ చెయ్యొచ్చు, పెళ్ళి మళ్ళీ చెయ్యలేం కదా! బావగారు అడ్వాన్సులు పట్టుకుని మూడిళ్ళకీ తనే వెళ్ళొచ్చారు. నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ పురుగు పాకేది పోర్టు 445 మీద. మన షేర్డ్ డిస్కు నడిచేదీ అదే పోర్టు మీద. దాన్ని ఆపే ప్యాచ్, ఎంఎస్17-010, మార్చి 14నే వచ్చింది. డాంగిల్ డేటా అయిపోతోందని బావగారు అప్‌డేట్లు ఆపించారు. సరే, అది ఆయన వాటా. కానీ డాంగిల్ వైపు నుంచి ఎవరొచ్చినా తోసేయాల్సిన గోడని కూల్చింది నేను. పక్క గదికి కిటికీ అడిగితే వీధి గోడ పడగొట్టానన్నమాట.

నిజానికి చెయ్యాల్సింది పది నిమిషాల పని. స్టూడియో లోపలి నెట్‌వర్క్‌ని ప్రైవేటుగా పెట్టాలి, డాంగిల్‌ని పబ్లిక్‌గానే వదిలెయ్యాలి. ఫైర్‌వాల్‌లో "ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్" రూల్స్ ప్రైవేటుకి మాత్రమే ఆన్ చెయ్యాలి. స్కోప్‌లో ఆ రెండో కంప్యూటర్ ఐపీ ఒక్కటే రాయాలి. పాత ఎస్ఎంబీ 1 తీసెయ్యాలి. ఊరవతల నుంచి డిస్కు కావాలంటే వీపీఎన్‌లోంచి రావాలి, 445ని ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకూడదు.

ఫైళ్ళు కాకుండా అవతలి డిస్కునే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోంచి చూసుకోవాలంటే వేరే రూల్స్ ఉన్నాయి, "రిమోట్ వాల్యూమ్ మేనేజ్‌మెంట్" అని. అవి రెండు కంప్యూటర్లలోనూ ఆన్ చెయ్యాలి. చాలామంది ఒకవైపే చేసి, "ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదు" అన్న ఎర్రర్ చూసి విసుగొచ్చి మొత్తం ఆపేస్తారు. నాకు తెలుసు, నేనూ అదే చేశాను కాబట్టి.

"డెడ్‌లైన్ నెత్తి మీదుంటే ఇవన్నీ ఎవడు చూస్తాడండీ" అంటారా? తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం ఆపండి, కాదనను. అది రోగం కనుక్కోవడం, వైద్యం కాదు. ఆపినప్పుడు డిస్కు వచ్చిందంటే రూల్ లేదని తేలింది. వెంటనే ఆన్ చేసి ఆ రూల్ రాయండి. ఇంకొకటి, సరైన రూల్ రాసినా పక్క కంప్యూటర్‌కే పురుగు పడితే ఆ కిటికీలోంచే వస్తుంది. అందుకే ప్యాచ్‌లూ, విడిగా తీసి దాచిన బ్యాకప్పూ తప్పవు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా నెమ్మదిగా దారికొచ్చారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో కొత్తగా షేర్ పెడితే పాత 137 నుంచి 139 పోర్టులు వాటంతటవే తెరుచుకోవు. అవసరమైనంతే తెరవడం అంటే అదే.

మన ఆఫీసు మెషీన్లకి అడ్మిన్లుంటారు, ఆడిట్లుంటాయి. బావగారి కంప్యూటర్‌కి ఉన్నది మనమే. "మా వాడు ఇంజినీరు, చూసుకుంటాడు" అని వాళ్ళు నిశ్చింతగా ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు, గతంలో మీరు బాగుచేసి వచ్చిన కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. అరిసెలు తర్వాత తినొచ్చు.