కబిని ఒడ్డున ఒక కల్నల్ తాత

పోయిన సంచికలో లావెల్ దొర గురించి నాలుగు ముక్కలు రాసినప్పుడు, "పట్టాలం నుంచి దిగిపోయిన మనిషికి గని తవ్వే బుద్ధి ఎందుకు పుట్టిందండీ?" అని మన సంఘంలో ఒక పెద్దావిడ అడిగారు. మంచి ప్రశ్నే. మైకేల్ లావెల్ న్యూజిలాండ్‌లో మావోరీల మీద జరిగిన యుద్ధంలో పనిచేసి, బెంగళూరు దండులో స్థిరపడ్డ సిపాయి. చేతిలో పని లేదు. ఊరికే కూర్చోలేక పాత పత్రికలు తిరగేస్తుంటే, 1802లో వారెన్ అనే లెఫ్టినెంటు ఈ ప్రాంతంలో మట్టి కడిగి బంగారం చూసిన సంగతి కంటబడింది. ఎద్దుబండి కట్టించుకుని బయలుదేరాడు. 1875లో మైసూరు సర్కారు ఆయనకు ఇరవై ఏళ్ల కౌలు ఇచ్చింది. ఆయన బంగారం పెద్దగా తీసిందీ లేదు, డబ్బు నిలబెట్టుకున్నదీ లేదు. హక్కులు ఇంకొకరి చేతికి పోయాయి. బెంగళూరులో ఒక రోడ్డుకు మాత్రం ఆయన పేరు మిగిలింది. మన చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరిగాం అన్నీ ఆ ఎద్దుబండి వెనకాలే వచ్చినవి.

అంటే మన ఊరు పుట్టిందే ఒక రిటైరయిన సిపాయికి పొద్దు పోక. ఆ మాట అనుకుంటుంటే ఇంకో రిటైరయిన సిపాయి గుర్తుకొచ్చారు. ఆయన మన ఊరివారు కారు, తెలుగువారూ కారు. అయినా ఈసారి ఆయన సంగతే చెప్తాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆయన పేరు కల్నల్ జాన్ వేక్‌ఫీల్డ్. 1916లో బీహారులోని గయలో పుట్టారు. ఇంగ్లీషు కుటుంబమే గాని పుట్టిందీ పెరిగిందీ పోయిందీ ఈ దేశంలోనే. అడవి పక్కన పెరిగిన పిల్లాడు, చేతికి తుపాకీ తొందరగానే వచ్చింది. పదేళ్ల వయసుకే పులిని కొట్టానని ఆయనే చెప్పుకునేవారు. ఆ రోజుల్లో అది గొప్ప. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైన్యంలో చేశారు, ఆ తర్వాత వేట వ్యవహారాల్లోనే కాలం గడిపారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. వేట బందు. చిన్నప్పటి నుంచి ఒక్క విద్యే నేర్చుకున్న మనిషికి యాభై ఆరో ఏట ఆ విద్య నేరమైపోయింది.

ఇక్కడ మీరొకసారి 2001 ఫిబ్రవరి 28ని తలుచుకోవాలి. ఆరోజు మన గనులు మూశారు. మా వీధిలో ఒక టింబర్‌మన్ ఉండేవాడు, మా నాన్నకు జతగాడు. గని లోపల కొయ్య కిర్రుమన్న తీరును బట్టి, రాయి దిగబోతోందో లేక ఊరికే సర్దుకుంటోందో చెప్పేవాడు. రాక్ బరస్ట్ అంటే ఏమిటో మన ఇళ్లలో పిల్లలకు కూడా వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి మంచాలు కదిలితే అమ్మ లేచి కూర్చుని షిఫ్టులో ఎవరెవరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. అలాంటి చోట ముప్పై ఏళ్లు నడిచిన చెవి అతనిది. గని మూసిన మర్నాటి నుంచి ఆ చెవికి పనిలేదు. తెల్లారి రైలెక్కి బెంగళూరు పోయి, ఏదో అద్దాల మేడ ముందు కాపలా కుర్చీలో కూర్చునేవాడు. "లోపల మూడు కిలోమీటర్ల కింద భయం వేయలేదు గాని, ఈ లిఫ్టులో భయంగా ఉందన్నా" అనేవాడు మా నాన్నతో. నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వు రాదు.

వేక్‌ఫీల్డ్ గారు ఏం చేశారో చూడండి. 1980లో కర్ణాటక ప్రభుత్వం, నేపాల్‌లోని టైగర్ టాప్స్ సంస్థ కలిసి జంగిల్ లాడ్జెస్ అనే కంపెనీ పెట్టాయి. మైసూరుకు నైరుతిలో, హెగ్గడదేవన కోటె తాలూకా కారాపురంలో, కబిని జలాశయం ఒడ్డున, మహారాజులు వేటకొచ్చినప్పుడు దిగే పాత బంగళాలున్నాయి. పక్కనే కాకనకోట. అడవి ఏనుగుల్ని తరిమి కట్టుదొడ్డిలోకి తోలే ఖెడ్డా 1971లో ఆఖరుసారి జరిగింది అక్కడే. ఆ బంగళాల్లో అతిథులను దించి, జీపులో అడవి చూపించే పని మొదలుపెట్టారు. ఆ పని పెద్దరికం వేక్‌ఫీల్డ్ గారిది. ఆయన వయసు అప్పటికి అరవై దాటింది. మనవాళ్లు ఆ వయసుకు కాశీకి టిక్కెట్టు కొంటారు.

యజమాని అని అందరూ అనేవారు గాని, కంపెనీ సర్కారుది. ఆయనది ఇంటిపెద్ద స్థానం. అందరూ "పాపా" అనే పిలిచేవారు. ఆయన అసలు పని బోధన అని నాకనిపిస్తుంది. బడీ లేదు, నల్లబల్లా లేదు. జీపు తోలే కుర్రాళ్లకు, అతిథుల వెంట వెళ్లే నాచురలిస్టులకు అడుగుజాడ చూసి మృగం ఏదో, ఎంతసేపటి కిందట పోయిందో చెప్పడం నేర్పారు. జింక అరుపు, కోతి అరుపు వినిపిస్తే పులి ఎటు నడుస్తోందో లెక్క కట్టడం నేర్పారు. ఇదంతా వేటగాడి విద్యే. చివర్లో తుపాకీ ఎత్తడం ఒక్కటి తీసేశారు. ముప్పై ఏళ్లు అక్కడే, నది కనబడే చోట ఉండి 2010 ఏప్రిల్‌లో అక్కడే కన్నుమూశారు. ఈనాడు దక్షిణాది అడవుల్లో అతిథులకు పక్షుల పేర్లు చెప్పే నాచురలిస్టుల్లో ఆయన దగ్గర నేర్చినవారు, వారి దగ్గర నేర్చినవారు చాలామందే.

ఇక చేపల సంగతి. ఇదే కంపెనీ కావేరి ఒడ్డున భీమేశ్వరిలో చేపలు పట్టే క్యాంపు ఒకటి నడిపింది. భీమేశ్వరి ఎక్కడో కాదు, శివనసముద్రం జలపాతానికి దిగువన. శివనసముద్రం అంటే మన ఊరికి బంధువే. 1902లో అక్కడ కరెంటు పుట్టించి 147 కిలోమీటర్లు తీగలు లాగి మన గనులకిచ్చారు. బెంగళూరు వీధిదీపాలు వెలిగింది 1905లో. మూడేళ్లు మనమే ముందు! బెంగళూరు బంధువులు గొప్పలకు పోయినప్పుడు ఈ మాట అంటించడం మరిచిపోకండి.

ఆ నీళ్లలో ఉండేది మహాసీర్. కన్నడంలో బిళిమీను అంటారు. వీపు మీద గూను, అరచేతంత పొలుసులు, బంగారు ఛాయ తోకలూ రెక్కలూ. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన కబినిలో పట్టిన చేప 120 పౌన్లు తూగింది. అంటే 54 కిలోలు, బియ్యం బస్తా కంటే ఎక్కువ. ఇంత చేపకు ఎర ఏమిటనుకున్నారు? రాగిముద్ద! పిండిని గట్టిగా ఉడికించి, బాగా మెదిపి, నిమ్మకాయంత ఉండ చేసి, గాలం అందులో దాచి సుడిగుండం పక్కన జారవిడుస్తారు. సీమ నుంచి వేల రూపాయల గాలపు కర్రలతో వచ్చిన దొరలు, చివరికి మన ఇళ్లలో మధ్యాహ్నం తినే ముద్దనే నమ్ముకున్నారు. చేప పట్టుబడ్డాక పోరాటం గంటల తరబడి సాగేది. తీగ రాళ్లకు చుట్టుకుంటే పుట్టి వేసుకుని వెళ్లి విడిపించేవారు. ఒడ్డుకు తెచ్చి, తూచి, ఫోటో తీసి, మళ్లీ నీళ్లలోకే వదిలేయాలి. అది క్యాంపు నియమం. మా ఆవిడకు ఈ భాగం ససేమిరా అర్థం కాలేదు. "అంత కష్టపడి పట్టి వదిలేయడమేమిటి, పులుసు పెట్టుకోక?" అంది.

పుట్టి నడిపేవారిలో, చేప ఎక్కడుందో చూపేవారిలో కొందరు ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవారే. మందుగుండు వేసి మడుగంతా పేల్చడం అక్కడ పాత జబ్బు. ఒక్క పేలుడుకు తల్లి, పిల్ల, గుడ్డు అన్నీ తేలిపోతాయి. డైనమైట్ అంటే ఏమిటో మన ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు గనుక ఇంతకంటే రాయను. నది గుట్టు తెలిసిన ఆ చేతులకే జీతమిచ్చి కాపలా పెట్టారు. వేటగాడిని గురువును చేసిన కిటుకే ఇదీ.

ఆ ఏటి ఒడ్డున ఇంకో పనీ జరిగింది. అక్కడికి దగ్గర్లోనే గాలిబోరె అనే చోట ఇంకో క్యాంపు. పట్టిన ప్రతి చేప బరువు, తేదీ, ఎన్ని గంటలు గాలం వేశారన్నది రాసిపెట్టారు. 1998 నుంచి 2012 దాకా లెక్కలో 6,161 చేపలు. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ పద్దు తీసి చూస్తే గుండె ఝల్లుమంది. మొత్తం చేపలు పెరిగాయి, కాని గూను మహాసీర్ ఏటేటా తగ్గిపోయింది. దాని చోట నీలిరెక్కల మహాసీర్ నిండింది. ఎవరో చెడు చేయాలని చేసింది కాదు. నదులు బాగుపడాలని లోనావలా దగ్గర టాటావారి కేంద్రంలో పెంచిన పిల్లల్ని కావేరిలో వదిలారు. వచ్చిన చుట్టాలు ఇంటివాళ్లను వెళ్లగొట్టారు. అంతకంటే చిత్రం, ఇంత పేరున్న గూను చేపకు 2018 దాకా సరైన శాస్త్రీయ నామమే ఖాయం కాలేదు. అప్పుడు అది టోర్ రెమాదేవి అని తేల్చారు. రెమాదేవి గారు చెన్నైలో జూలాజికల్ సర్వేలో పనిచేసిన శాస్త్రజ్ఞురాలు. పేరు ఖాయమైన ఏడాదే, అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలోకీ ఎక్కింది. బారసాల, ఆపద ఒక్కసారే.

ఈలోగా అభయారణ్యంలో గాలం వేయడమూ వేటే అని చట్టం పట్టుబట్టి, కావేరి క్యాంపుల్లో చేపల ఆట ఆపేశారు. ఆ విషయంలో రెండు పక్షాలున్నాయి. దొరల సరదా కోసం అభయారణ్యం ఎందుకని ఒకరు. గాలం వేసేవాళ్లు పోతే మందుగుండు వేసేవాళ్లు వస్తారని ఇంకొకరు. చట్టాన్ని నేను తప్పుపట్టను. కాని ఒడ్డున రోజూ మనుషులు తిరిగేటప్పుడు ఉన్న కాపలా, కాగితం మీది ఉత్తర్వుకు రాదని మాత్రం గట్టిగా అంటాను. గనులు మూసిన తర్వాత మన షాఫ్టుల దగ్గర ఇనుము ఏమైందో చూసినవాళ్లం కదా. పైగా ఆ పుట్టి నడిపినవాళ్లు? ఒకసారి దొంగపని మాని జీతానికొచ్చారు, మళ్లీ ఆ జీతమూ పోయింది. వాళ్ల రైలు ఏ ఊరికి పోతుందో నాకు ఊహకు అందుతుంది.

మన ఊళ్లో పద్దులు లేవా? ఉన్నాయి. చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారు న్యూట్రినోల జాడ పట్టారు. ఆ లోతుకు యంత్రాలు దించింది, వాటికి చోటు తొలిచింది మన కార్మికులే. ఆ పరిశోధనల పత్రాల్లో శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి. కేజీ దించిన మనిషి పేరు, కొయ్య నిలబెట్టిన మనిషి పేరు ఉంటే మన ఇళ్ల ట్రంకుపెట్టెల్లోని సర్వీసు పుస్తకాల్లో ఉండాలి. అవి చెదలు పట్టకముందు ఒకసారి తీసి చూడండి. పేరు, పనిచేసిన షాఫ్టు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది ఒక కాగితం మీద రాసి మన సంఘం ఆఫీసులో ఇస్తే, వచ్చే సంచిక నుంచి ఈ పేజీలోనే కొన్ని కొన్నిగా వేస్తాను. చేతిరాత బాగా లేకపోయినా ఫరవాలేదు.

భీమేశ్వరి చూడాలనుకునేవారికి: ఇక్కడి నుంచి రైల్లో బెంగళూరు, అక్కడి నుంచి కనకపుర, హలగూరు మీదుగా ముత్తత్తి దారి. పిల్లలను ఏట్లోకి దిగనివ్వకండి. పైకి నిదానంగా కనబడుతుంది గాని, అడుగున సుడులున్నాయి, మొసళ్లూ ఉన్నాయి. రాగిముద్ద పట్టుకెళితే మీరే తినండి.