పుస్తకం దాచేస్తే పిల్ల భద్రమేనా?

క్రిస్మస్ సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి జనగామ వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఒకరోజు రాత్రి పదకొండు దాటినా దాని గదిలో లైటు ఆరలేదు. పరీక్షలకు చదువుకుంటోంది కాబోలనుకుని పాలు వేడిచేసి తీసుకెళ్లాను. చూస్తే చేతిలో లావుపాటి ఇంగ్లిషు నవల. కళ్లు తుడుచుకుంటోంది.

"ఏం పుస్తకం బిడ్డా?" అన్నాను.

"క్రిస్టియన్ నవలే అమ్మా. ప్రేమకథ. బైబిల్ల హోషేయ ప్రవక్త ఉన్నడు కదా, ఆయన కథ మీద రాసిండ్రు" అంది.

ప్రేమకథ అనగానే గుండె గుభేలుమంది. క్రిస్టియన్ అనగానే కుదుటపడింది. గ్లాసు బల్లమీద పెట్టి, "తొందరగా పడుకో" అని వచ్చేశాను. తల్లిగా నా పరిశీలన అంతటితో సరి!

తర్వాత ఆదివారం స్త్రీల కూడికలో మాటల మధ్య ఈ సంగతి చెప్పాను. నాకంటే చిన్నదైన ఒక సోదరి ముఖం మాడిపోయింది. "అక్కా, ఆ పుస్తకం బిడ్డ చేతికి ఎట్ల ఇచ్చినవ్? అండ్ల ఎనిమిదేండ్ల పిల్లను పాడు కొంపకు అమ్ముతరట. గసువంటియి మన పిల్లలు సదువొద్దు" అంది. మిగతావాళ్లు అవునవునని తలలూపారు. నాకు తల కొట్టేసినట్లయింది. నిజం చెప్పాలంటే ఆ పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. తిడుతున్నవాళ్లూ చదవలేదు!

ఇంటికొచ్చి పుస్తకం లాక్కుందామనే అనుకున్నాను. ఎందుకో ఆగి, "నువ్వు అయిపోగొట్టినంక నాకియ్యి" అన్నాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివితే పన్నెండు రోజులు పట్టింది.

లేబుల్ చూసి నమ్మితే...

ఆ నవల పేరు ‘రిడీమింగ్ లవ్’. ఫ్రాన్సిన్ రివర్స్ అనే అమెరికా రచయిత్రి రాశారు. మొదట 1991లో వచ్చింది. తర్వాత ఆవిడే దాన్ని సవరించి 1997లో క్రైస్తవ పాఠకుల కోసం మళ్లీ వేయించారు. 2022లో సినిమాగా కూడా తీశారు. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని జనం ఎగబడిన 1850ల నాటి కథ. చిన్నప్పుడే అమ్ముడుపోయి వేశ్యగా బతుకుతున్న ఒక అమ్మాయిని, దేవుడి మాట మీద పెళ్లి చేసుకున్న ఒక రైతు కథ. ఆమె పారిపోతూ ఉంటుంది. అతను వెతికి తెచ్చుకుంటూ ఉంటాడు.

ఇలాంటి చారిత్రక ప్రేమ నవలలు అక్కడ ఒక ప్రత్యేకమైన శాఖ. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ వీటికి దారి వేసిందంటారు. పాతకాలపు పల్లె, గుర్రపు బండి, చర్చి, కష్టాల్లో ఉన్న ఒక ఆడపిల్ల, ప్రార్థన చేసుకునే ఒక మంచి మగవాడు. పడకగది తలుపు దగ్గర కథ మర్యాదగా ఆగిపోతుంది. అందుకే తల్లిదండ్రులు నిశ్చింతగా కొనిస్తారు. రివర్స్ పుస్తకం మాత్రం అంత నెమ్మదైనది కాదు. అది ఏ వయసు పిల్లలకు ఇవ్వాలని అక్కడి తల్లులూ వాదించుకుంటూనే ఉన్నారు. అంటే ఈ బెంగ జనగామ తల్లిది మాత్రమే కాదన్నమాట.

మనకిది కొత్తా?

మా అమ్మ యద్దనపూడి సులోచనారాణి అభిమాని. ‘సెక్రటరీ’లో రాజశేఖరం అంటే ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లలందరికీ కలల రాకుమారుడే. మా తాతయ్య సంఘపెద్ద. నవల కనబడితే పొయ్యిలో పెట్టేవాడు. అందుకని అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి తెప్పించుకున్న నవలల్ని బియ్యం డబ్బాలో దాచుకునేదట. ఈ సంగతి నాకు పెళ్లయిన తర్వాత నవ్వుతూ చెప్పింది. అదే అమ్మ, నాకు పదమూడేళ్లొచ్చేసరికి నవలలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది! తను దొంగతనంగా చదివి బాగానే ఉంది. కూతురు చదివితే మాత్రం చెడిపోతుందని భయం. మీలో ఎంతమంది ఇళ్లలో ఇలా జరగలేదు చెప్పండి?

మా పక్కింటి పిన్నిగారిల్లు గుర్తొస్తుంది. వాళ్లింట్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లలు పొద్దున్నే స్నానం చేసి రుక్మిణీ కల్యాణం పారాయణ చేసేవారు. మంచి భర్త దొరుకుతాడని నమ్మకం. ఆ భాగవతాన్ని మనకు తెలుగులో ఇచ్చిన పోతన గారిది ఎక్కడో దూరం కాదు, మా జనగామ జిల్లా పాలకుర్తి దగ్గర బమ్మెర. భక్తికి మారుపేరు ఆయన. మరి ఆ కథలో ఉన్నదేమిటి? అన్న రుక్మి శిశుపాలుడితో పెళ్లి నిశ్చయిస్తే, రుక్మిణి తనకు నచ్చినవాడికి బ్రాహ్మణుడితో కబురు పంపుతుంది. ఫలానా రోజు, ఫలానా గుడికి వస్తాను, వచ్చి తీసుకుపొమ్మని దారి కూడా చెబుతుంది. ఇవాళ మన అమ్మాయి సెల్‌ఫోన్లో అలాంటి కబురొకటి పంపితే ఇల్లు ఇల్లంతా ఏకం కాదూ? కానీ ఆ పారాయణ చేసిన పిల్లలెవరూ లేచిపోలేదు. చక్కగా పెళ్లిళ్లు చేసుకుని కాపురాలు చేసుకుంటున్నారు.

మా బైబిల్లో మాత్రం? రాహేలు కోసం యాకోబు మామ ఇంట్లో పద్నాలుగేళ్లు చాకిరీ చేశాడు. పరమగీతము ఎనిమిది అధ్యాయాలూ ప్రేమే. రెండవ సమూయేలు పదమూడో అధ్యాయం ఇంకా కఠినం. దావీదు కూతురు తామారును, రోగం వచ్చినట్లు నటించి పిలిపించుకుని చెరిచినవాడు పరాయివాడు కాదు, సవతి అన్న అమ్నోను. ఆమె వద్దని బతిమాలింది, తర్వాత కేకలు వేసి ఏడ్చింది. సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? ఊరుకొమ్మన్నాడు. ఇన్నేళ్లలో ఈ అధ్యాయం మీద ఆడపిల్లలకు ప్రసంగం చెప్పినవాళ్లను నేను చూడలేదు. పిల్ల చేతికి ఇచ్చిన పరిశుద్ధ గ్రంథంలోనే అది ఉంది. మనం మాత్రం పేజీ తిప్పేస్తాం.

మాట తెలియక...

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు పదకొండేళ్లు. ఎండాకాలం, ఓ పెళ్లింట్లో ఉన్నాం. వరసకు మామయ్య అయ్యే మనిషి, నాయన వయసువాడు, మిద్దె మీద మామిడికాయలున్నాయి చూపిస్తానని తీసుకెళ్లాడు. నా మీద చేతులు వేశాడు. ఎలాగో విడిపించుకుని కిందికి పరుగెత్తుకొచ్చి అమ్మ కొంగు పట్టుకున్నాను. "ఏమైందే?" అంది. జరిగినదానికి నా దగ్గర పేరు లేదు. అలాంటిది లోకంలో ఉంటుందనే తెలియదు. తప్పు నాదేమో అనిపించింది. "కడుపునొస్తుంది" అన్నాను. అమ్మ పాపం వాము నీళ్లు కాచి తాగించింది.

అమ్మ నన్ను ఎంత జాగ్రత్తగా పెంచిందో నాకు తెలుసు. సినిమాకు పంపలేదు. నవల ముట్టుకోనివ్వలేదు. పాటలు కూడా చర్చి పాటలే. అంత కాపాడిన అమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చి కూడా నేను చెప్పుకోలేకపోయాను. ఆ మనిషి ఆ తర్వాత కూడా మా ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాడు. నేను మంచినీళ్లు కూడా ఇచ్చాను.

ఆ నవలలో చిన్నపిల్ల అమ్ముడుపోయే చోటు చదువుతుంటే నాకు వాము నీళ్ల వాసన గుర్తొచ్చింది. ఒకరోజు వంటింట్లో సకినాలు చుడుతూ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, ఆ పిల్ల ఎవ్వలకు చెప్పకుంట ఎందుకున్నది?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాసేపయ్యాక నా కథ చెప్పాను. పిండి చేతులతోనే వచ్చి నన్ను పట్టుకుంది. తర్వాత మెల్లగా తన స్నేహితురాలి సంగతి బయటపెట్టింది. ఆ పిల్లకూ ఇంట్లో దగ్గరి బంధువుతోనే బాధ. ఎవరికి చెప్పాలో తెలియక మా అమ్మాయి ఒక్కదానికే చెప్పుకుందట. మేమిద్దరం వెళ్లి వాళ్లమ్మతో మాట్లాడాం. ఆవిడ మొదట నమ్మలేదు, మమ్మల్నే కోప్పడింది. వారం తర్వాత ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడా పిల్ల అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఇంతకంటే వివరంగా చెప్పడం న్యాయం కాదు.

జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనబడేది ఇదే. పోక్సో కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లకు తెలిసినవాళ్లే. ఆ చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వర్తిస్తుంది. ఆపదలో 1098కి ఫోన్ చేయవచ్చు. అన్నీ ఉన్నాయి. కానీ పిల్ల నోరు విప్పితేనే కదా చట్టం కదిలేది! నోరు విప్పాలంటే ముందు మాట తెలియాలి. ఆ మాట ఇంట్లో మనం చెప్పకపోతే, ఒక నవలైనా చెప్పనివ్వండి.

అసలు జాగ్రత్త ఎక్కడ?

అలాగని పిల్లలకు అన్నీ ఇచ్చేయమని నేననడం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి ఈ పుస్తకం నేనైతే ఇవ్వను. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పన్నెండేళ్ల దాకా ఏం చదవాలో నేనే చూసి ఇస్తాను. ఆ తర్వాత తను చదివింది నేనూ చదువుతాను, ఇద్దరం మాట్లాడుకుంటాం. కాలేజీకొచ్చాక ఎంచుకునేది తనే, అడిగేది నేను. ఫోన్ సంగతి వేరు. రాత్రి పది దాటితే అందరి ఫోన్లూ, నాదీ వాళ్ల నాన్నదీ కూడా, హాల్లో టీవీ పక్కన ఉండాల్సిందే. పుస్తకంలో చదివినది మనసు తట్టుకోగలిగినంతే ఊహించుకుంటుంది. ఫోన్లో వీడియో అలా కాదు, వద్దన్నా కళ్ల ముందు పెడుతుంది. ‘ప్రతిలిపి’ లాంటి చోట్ల తెలుగు ప్రేమకథలు కుప్పలుగా దొరుకుతున్న ఈ రోజుల్లో బీరువా తాళాలు ఎందుకు పనికొస్తాయి?

ఇంకో మాట. ‘పరిశుభ్రమైన’ ప్రేమకథల్లో కూడా జాగ్రత్తపడాల్సినవి ఉంటాయి. ఎంత పాడైన మనిషైనా ప్రేమిస్తే మారిపోతాడనే ఆశ వాటిలో బలంగా ఉంటుంది. నవలలో అది ముచ్చటగానే ఉంటుంది. కాపురంలో? తాగొచ్చి కొట్టే భర్త ఇవాళ మారతాడు, రేపు మారతాడని పదేళ్లు ఎదురుచూసినవాళ్లు మన వీధిలోనే లేరూ? ఈ విషయం నేనెత్తకముందే మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, ఈ కథల ఓర్చుకునేటోడు మొగోడు. మరి మన దగ్గర ఓర్చుకో, ప్రార్థన చేసుకో అని ఆడోళ్లకే ఎందుకు చెప్తరు?" అంది. ఈ ప్రశ్న నేను కూడికలో అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. పుస్తకం వద్దన్న సోదరి మాత్రం వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, ఆ పుస్తకం తెలుగుల దొరుకుతదా?" అని అడిగింది.

అమ్మలూ, అక్కలూ! మన భయం అబద్ధం కాదు. బయట లోకం బాగాలేదన్నదీ నిజమే. అయితే పిల్ల చదివేది దాచేస్తే, తను చదివింది మన దగ్గర దాచడం నేర్చుకుంటుంది. ముందు పుస్తకం దాస్తుంది, తర్వాత మనసులో మాట దాస్తుంది. రేపు నిజంగా ఆపద వచ్చిన నాడు అదీ దాస్తుంది. ఈసారి మీ అమ్మాయి గదిలో అర్ధరాత్రి లైటు కనబడితే పాలగ్లాసు పెట్టేసి వచ్చేయకండి. పక్కన కూర్చుని, కథ ఎక్కడి దాకా వచ్చిందని అడగండి. ఒకవేళ "కడుపునొస్తుంది" అంటే, వాము నీళ్లు కాచే ముందు ఇంకొక్కసారి అడిగి చూడండి.